ఆరు ఓటములు, 35 విజయాలు: ఫ్రెంచ్ రగ్బీ కెప్టెన్ మోరిస్ బ్వాయో కథ వెనక ఏముంది?

సంక్షిప్తంగా

తొలితరం ఫ్రెంచ్ రగ్బీ ఆటగాళ్లలో మోరిస్ బ్వాయో (1888–1918) ఒకడు. దేశం తరఫున ఆరు మ్యాచ్‌లు ఆడాడు, కెప్టెన్‌గానూ ఉన్నాడు. ఆ ఆరింటిలో ఒక్కటీ ఫ్రాన్స్ గెలవలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో మాత్రం 35 విజయాలతో, అంటే కూల్చిన శత్రు విమానాలు, బెలూన్ల లెక్కతో, ఫ్రెంచ్ యుద్ధ పైలట్ల జాబితాలో అయిదో స్థానంలో నిలిచాడు. వాటిలో 21 శత్రువుల పరిశీలన బెలూన్లు. రగ్బీ మైదానమే అతన్ని యోధుణ్ని చేసిందన్న మాట ఫ్రాన్స్‌లో చాలాకాలంగా వినిపిస్తోంది. ఆ రెండు జీవితాలనూ నడిపిన పరిస్థితులను విడివిడిగా పరిశీలిస్తే ఆ మాటలో కొంత భాగమే నిలబడుతుంది.

రెండు జాబితాల్లో ఒకే పేరు

నైరుతి ఫ్రాన్స్‌లోని డాక్స్ చిన్న పట్టణం. వేడినీటి ఊటలకూ రగ్బీకీ పేరున్న ఊరు. అక్కడి రగ్బీ స్టేడియానికి మోరిస్ బ్వాయో పేరు పెట్టారు, పట్టణంలో అతని విగ్రహమూ ఉంది. రగ్బీ చరిత్ర చదివేవారికి ఈ పేరు 1912, 1913 సంవత్సరాల జట్లలో కనిపిస్తుంది. వైమానిక యుద్ధ చరిత్ర చదివేవారికి రెనె ఫోంక్, జార్జ్ గినెమెర్ వంటి ప్రసిద్ధ పైలట్ల పక్కన కనిపిస్తుంది. ఇద్దరూ ఒకరేనా అన్న అనుమానం సహజం. ఒకరే.

అయితే ఈ రెండు జీవితాలను ఒక్క వాక్యంలో కలిపేసే అలవాటు వల్ల రెండూ మసకబారుతున్నాయి. మైదానంలో చూపిన ధైర్యమే ఆకాశంలోనూ చూపాడని ఒక మాట అనేసి ముందుకు సాగిపోతారు. అసలు 1910 ప్రాంతంలో ఫ్రెంచ్ రగ్బీ ఏ స్థితిలో ఉంది, బెలూన్‌ను కూల్చడం అంటే ఏమిటి, 35 అన్న అంకె ఎలా తయారైంది అన్న ప్రశ్నలు వెనక్కి పోతాయి. ఈ కథలో తెలుసుకోదగినదంతా ఆ ప్రశ్నల్లోనే ఉంది.

ఆట ఫ్రాన్స్‌కు చేరిన దారి

రగ్బీ ఫ్రాన్స్‌లో పుట్టిన ఆట కాదు. 1870ల్లో ల హావ్ర్ రేవులో స్థిరపడిన ఇంగ్లిష్ వారితో వచ్చింది. తర్వాత పారిస్‌లోని సంపన్న కుటుంబాల పిల్లలు చదివే పాఠశాలలకు పాకింది. రేసింగ్ క్లబ్ ద ఫ్రాన్స్, స్టాడ్ ఫ్రాన్సే వంటి క్లబ్బులు అలా పుట్టినవే. 1892 మార్చిలో జరిగిన మొదటి జాతీయ చాంపియన్‌షిప్ ఈ రెండు క్లబ్బుల మధ్య ఒకే ఒక్క మ్యాచ్. రేసింగ్ 4–3 తేడాతో గెలిచింది. ఆ మ్యాచ్‌కు రిఫరీ పియర్ ది కూబర్టిన్. నాలుగేళ్ల తర్వాత ఆధునిక ఒలింపిక్స్‌ను మొదలుపెట్టించిన కూబర్టినే.

కూబర్టిన్ రిఫరీగా నిలబడటం యాదృచ్ఛికం కాదు. 1870–71 యుద్ధంలో ప్రష్యా చేతిలో ఫ్రాన్స్ చిత్తుగా ఓడింది, అల్సాస్‌నూ లొరేన్‌లో కొంత భాగాన్నీ పోగొట్టుకుంది. ఆ ఓటమికి కారణాలు వెతికినవారిలో ఒక వర్గం, పుస్తకాలకే అంటిపెట్టుకున్న ఫ్రెంచ్ యువతలో దేహబలం, చొరవ తగ్గాయని భావించింది. ఇంగ్లండ్‌లోని రగ్బీ అనే ఊరి పాఠశాల తరహా చదువు దానికి మందు అని కూబర్టిన్ నమ్మాడు. ఫ్రాన్స్‌లో క్రీడకు మొదటి నుంచీ యుద్ధంతో ముడి పడింది ఇక్కడే. బ్వాయో మరణం తర్వాత అతని గురించి రాసినవారు వాడిన భాషకు బీజం అతడు పుట్టకముందే పడింది.

బ్వాయో 1888 మే 8న అల్జీరియాలోని ముస్తఫాలో పుట్టాడు. అప్పట్లో అది అల్జీర్స్ నగరాన్ని ఆనుకుని ఉన్న పట్టణం, ఇప్పుడు నగరంలో కలిసిపోయింది. రగ్బీ ఆటగాడిగా అతని జీవితం మాత్రం నైరుతి ఫ్రాన్స్‌లోనే సాగింది. మొదట డాక్స్ క్లబ్బుకు ఆడి, తర్వాత బోర్డో నగరంలోని స్టాడ్ బోర్డెలేకు మారాడు.

బోర్డో ఎందుకు ముఖ్యం

స్టాడ్ బోర్డెలే అప్పట్లో ఫ్రాన్స్‌లో అత్యంత బలమైన జట్టు. 1899లో పారిస్ వెలుపలి క్లబ్బుల్లో మొదటిసారి జాతీయ టైటిల్ గెలిచింది ఇదే. 1904 నుంచి 1907 వరకు వరసగా నాలుగు, 1909లో మరొకటి, 1911లో ఏడోది గెలిచింది. బోర్డో ద్రాక్ష సారా వ్యాపారం మీద బతికే రేవు నగరం. ఇంగ్లండ్‌తో ఆ వ్యాపారం వందల ఏళ్ల నాటిది. వ్యాపారం పని మీద అక్కడ ఉండే బ్రిటిష్ వారు, వారితో కలిసి పెరిగిన స్థానిక మధ్యతరగతి యువకులు ఆటను పట్టుకున్నారు.

బోర్డో విజయాలతో ఆట గురుత్వ కేంద్రం పారిస్ నుంచి దక్షిణానికి జరిగింది. టూలూజ్, బయోన్, టార్బ్, పెర్పిన్యాఁ, డాక్స్ వంటి ఊళ్లలో రగ్బీ ఊరి పరువుకు సంబంధించిన విషయమైంది. పక్క ఊరిని ఓడించడం జాతీయ జట్టు గెలవడం కంటే పెద్ద సంగతిగా ఉండేది. బ్వాయో ఆ మార్పు మధ్యలో ఎదిగినవాడు. ఆ తరం దక్షిణాది ఆటగాడు పారిస్ పాఠశాలల నుంచి వచ్చినవాడు కాదు, ఊరి క్లబ్బులో తయారైనవాడు.

అతడు ఆడిన స్థానం ఫ్లాంకర్. రగ్బీలో ఇరుజట్ల ఎనిమిదేసి మంది ఫార్వర్డ్‌లు ఒకరినొకరు తోసుకునే స్క్రమ్ ఉంటుంది. ఫ్లాంకర్ దాని అంచున ఉంటాడు. బంతి బయటికి రాగానే అందరికంటే ముందు విడివడి, ఎదుటి జట్టులో బంతి పట్టుకున్నవాణ్ని పడగొట్టాలి. పాయింట్ల పట్టికలో అతని పేరు అరుదుగా కనబడుతుంది. అతడు లేకపోతే మాత్రం ఆట మొత్తం దెబ్బతింటుంది.

ఆరు మ్యాచ్‌లు, ఆరు ఓటములు

ఫ్రాన్స్ జాతీయ జట్టు మొదటి మ్యాచ్ 1906 జనవరి 1న పారిస్‌లో న్యూజిలాండ్‌తో ఆడి 38–8తో ఓడింది. 1910లో మొదటిసారి ఇంగ్లండ్, స్కాట్లాండ్, వేల్స్, ఐర్లాండ్ నాలుగింటితోనూ ఒకే సీజన్‌లో తలపడింది. అయిదు దేశాల పోటీ అలా మొదలైంది. 1911 జనవరి 2న కొలంబ్‌లో స్కాట్లాండ్‌ను 16–15తో ఓడించడం ఫ్రాన్స్‌కు మొదటి అంతర్జాతీయ విజయం. దేశం ఉప్పొంగిపోయింది.

ఆ తర్వాత వచ్చింది చీకటి కాలం. ఆ విజయం నుంచి 1920 ఏప్రిల్‌లో డబ్లిన్‌లో ఐర్లాండ్‌ను ఓడించే వరకు ఫ్రాన్స్ వరసగా 18 మ్యాచ్‌లు ఓడింది. మధ్యలో యుద్ధం వల్ల ఆట ఆగిపోయిన ఏళ్లను పక్కనపెట్టినా అది దీర్ఘమైన పరాజయ పరంపరే. బ్వాయో ఆరు మ్యాచ్‌లూ 1912, 1913లో, అంటే సరిగ్గా ఈ మధ్యకాలంలో పడ్డాయి. అందుకే అతని ఖాతాలో విజయం లేదు.

ఆటగాళ్ల నైపుణ్యం కంటే ఏర్పాట్ల లోపమే ఈ ఓటములకు ఎక్కువ కారణం. ఆట పూర్తిగా ఔత్సాహికం, డబ్బు ఇవ్వడం నిషేధం. ఉద్యోగానికి సెలవు దొరికినవాడే ఆడగలడు. జట్టును పారిస్‌లోని కమిటీ ఎంపిక చేసేది. పారిస్ క్లబ్బులకూ దక్షిణాది క్లబ్బులకూ మధ్య వాటాల పంపకం నడిచేది. మ్యాచ్‌కు ముందు జట్టంతా కలిసి సాధన చేయడం దాదాపు లేదు. దక్షిణం నుంచి రాత్రంతా రైలు ప్రయాణం చేసి వచ్చి, ఓడ దాటి ఎడిన్‌బరోలోనో న్యూపోర్ట్‌లోనో నేరుగా మైదానంలోకి దిగినట్టుండేది. 1911లో స్కాట్లాండ్‌తో ఆడవలసిన ఒక ఆటగాడు దారిలో తినడానికి ఏదో కొనుక్కోవడానికి స్టేషన్‌లో దిగి రైలు తప్పిపోయాడన్న కథ ఫ్రెంచ్ రగ్బీలో ఇప్పటికీ చెప్పుకొంటారు. ఆ కాలపు పద్ధతికి అది అతిశయోక్తి ఏమీ కాదు.

స్కోర్లు చూస్తే ఆ రెండేళ్ల స్థితి తెలుస్తుంది. 1912లో ఐర్లాండ్ చేతిలో 11–6, స్కాట్లాండ్ చేతిలో 31–3, వేల్స్ చేతిలో 14–8, ఇంగ్లండ్ చేతిలో 18–8 తేడాతో ఫ్రాన్స్ ఓడింది. 1913 జనవరి 1న పారిస్‌లో స్కాట్లాండ్‌తో జరిగిన మ్యాచ్ 21–3 ఓటమితో పాటు అల్లరితోనూ ముగిసింది. రిఫరీ నిర్ణయాలపై కోపంతో ప్రేక్షకులు మైదానంలోకి దూసుకొచ్చారు, పోలీసులు దిగవలసి వచ్చింది. ఫలితంగా 1914లో స్కాట్లాండ్ ఫ్రాన్స్‌తో ఆడడానికి నిరాకరించింది. అదే జనవరిలో దక్షిణాఫ్రికా 38–5తో ఓడించింది. తర్వాత ఇంగ్లండ్ చేతిలో 20–0, ఐర్లాండ్ చేతిలో 24–0. ఈ వరసలో వేల్స్‌తో 11–8 ఒక్కటే దగ్గరగా సాగిన మ్యాచ్.

ఇలాంటి సీజన్‌లో బ్వాయోకు కెప్టెన్సీ దక్కింది. ఈ పరిస్థితిలో ఒక ఫార్వర్డ్‌ను గెలుపోటములతో కొలవడం అన్యాయం. జట్టు కుదురుకోని దశలో, ప్రజల దృష్టిలో జాతీయ జట్టు పరువు పడిపోయిన సమయంలో నాయకుడిగా ఎంపిక కావడమే తోటి ఆటగాళ్లలోనూ ఎంపికదారుల్లోనూ అతనికున్న గౌరవానికి నిదర్శనం.

మైదానం నుంచి విమానానికి

1914 ఆగస్టులో యుద్ధం మొదలైనప్పుడు బ్వాయో సైన్యంలో రవాణా విభాగానికి వెళ్లాడు. అక్కడి నుంచి వైమానిక దళానికి మారాడు. పైలట్ అయ్యాక కొంతకాలం శిక్షకుడిగా పనిచేసి 1916లో యుద్ధరంగంలోని 77వ స్క్వాడ్రన్‌లో చేరాడు. పేరున్న ఆటగాళ్లు చాలామంది ఉండటంతో ఆ స్క్వాడ్రన్‌కు ‘క్రీడాకారుల దళం’ అన్న పేరు స్థిరపడింది.

ఆటగాళ్లు విమానాల వైపు ఎందుకు వెళ్లారు? దేహ దారుఢ్యం ఒక కారణం. అయితే యుద్ధానికి ముందు విమానం నడపడమే ఒక క్రీడ. మోటారు కార్ల పందేలు, సైకిలు పందేలు, విమాన ప్రదర్శనలు ఒకే పత్రికల్లో, ఒకే పాఠకుల కోసం అచ్చయ్యేవి. క్లబ్బులు, పత్రికలు, వాహన తయారీదారులు ఒకే పరిచయాల వలలో ఉండేవారు. మోటార్లతో పరిచయం ఉన్నవారినీ జనానికి తెలిసిన పేర్లనూ వైమానిక దళం ఇష్టంగా తీసుకుంది. పదాతిదళానికి ఇలాంటి ఎంపిక లేదు. ఈ తేడా ముందుముందు చాలా ముఖ్యమవుతుంది.

బ్వాయో మొదటి విజయం 1917 మార్చిలో వచ్చింది. ఆ వేసవిలో బెలూన్ల వేట మొదలుపెట్టాడు. ఒకసారి బెలూన్‌ను కూల్చిన వెంటనే ఇంజిన్ మొరాయించి శత్రువుల భూభాగంలోనే దిగవలసి వచ్చింది. ఇంజిన్‌ను మళ్లీ అందుకొనేలా చేసి, పట్టుబడేలోగా పైకి లేచి తిరిగొచ్చాడు.

బెలూన్‌ను కూల్చడం ఎందుకంత కష్టం

ఈ కథలో ఎక్కువమంది తేలిగ్గా తీసుకునే విషయం ఇది. విమానంతో విమానం పోరాడటం వీరత్వంగానూ, కదలకుండా వేలాడే గాలిసంచిని కాల్చడం సులువైన పనిగానూ తోస్తుంది. ఆ కాలపు పైలట్లు ఇలా అనుకోలేదు. చాలామంది బెలూన్ల జోలికి పోవడానికి ఇష్టపడేవారు కాదు.

పరిశీలన బెలూన్ పొడవాటి గుడ్డసంచి, లోపల హైడ్రోజన్. ఉక్కు తాడుతో నేల మీది మోటారు గిలకకు కట్టి ఉంటుంది. ముందు వరస కందకాలకు కొన్ని కిలోమీటర్ల వెనక, వెయ్యి మీటర్ల పైచిలుకు ఎత్తులో నిలిచేది. కింద వేలాడే బుట్టలోని పరిశీలకుడి దగ్గర దూరదర్శిని, పటం, టెలిఫోన్ ఉంటాయి. తమ ఫిరంగి గుండు ఎక్కడ పడింది, ఎంత ఎడమకు జరపాలి, ఎంత దూరం పెంచాలి అన్నది అతడు వెంటనే కిందికి చెబుతాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఎక్కువమంది సైనికులు ఫిరంగి దాడుల్లోనే చనిపోయారు. ఆ ఫిరంగులకు కళ్లు ఈ బెలూన్లు. ఒక రంగంలో బెలూన్ల వరస మాయమైతే ఆ రోజుకు అక్కడి శత్రు ఫిరంగులు గుడ్డిగా పేలవలసిందే. పదాతిదళం ముందుకు కదిలే రోజున దీని విలువ ప్రాణాల్లో తెలుస్తుంది.

విలువ తెలుసు కాబట్టే జర్మన్లు దాన్ని గట్టిగా కాపాడుకున్నారు. చుట్టూ మరతుపాకులు, విమానాలను కూల్చే ఫిరంగులు ఉండేవి. మామూలు విమానం ఏ ఎత్తులో, ఏ దిక్కు నుంచి వస్తుందో తుపాకీ వాడికి ముందుగా తెలియదు. బెలూన్ విషయంలో అన్నీ తెలుసు. బెలూన్ ఎక్కడుందో, ఎంత ఎత్తులో ఉందో కొలిచి ఉంచుకుంటారు. దాని కోసం వచ్చే విమానం చివరికి ఆ బిందువు దగ్గరకే రావాలి. పైగా ప్రమాదం పసిగట్టగానే గిలక తిప్పి బెలూన్‌ను కిందికి లాగేస్తారు. పైలట్ దాన్ని తరుముతూ దిగేకొద్దీ తుపాకులకు మరింత దగ్గరవుతాడు. పని ముగించి తిరిగి పైకి లేచేసరికి శత్రువుల యుద్ధ విమానాలు కాచుకుని ఉంటాయి.

కాల్చినంత మాత్రాన అది అంటుకోదు కూడా. మామూలు తూటాలు గుడ్డను చీల్చుకుని అవతలికి పోతాయి. చిన్న రంధ్రాల నుంచి వాయువు మెల్లగా కారుతుందే తప్ప మండదు. హైడ్రోజన్ మండాలంటే గాలితో కలవాలి, నిప్పూ తగలాలి. 1916 మేలో వెర్డున్ రంగంలో ఫ్రెంచ్ విమానాలు రెక్కల కమ్మీలకు కట్టిన ల ప్రియూర్ రాకెట్లను మొదటిసారి ప్రయోగించాయి. వాటిని గురిగా వదలాలంటే దాదాపు వంద మీటర్ల దూరానికి వెళ్లాలి. తర్వాత నిప్పంటించే తూటాలు వాటి స్థానాన్ని తీసుకున్నాయి. వాటితోనూ దగ్గరకు వెళ్లి, ఒకేచోట అనేక తూటాలు దిగేలా కాల్చాలి.

ఒక చేదు వాస్తవం కూడా ఉంది. బుట్టలోని పరిశీలకుడికి పారాచూట్ ఉండేది. దాడి మొదలవగానే అతడు దూకేసేవాడు. దాడి చేసే ఫ్రెంచ్ పైలట్‌కు పారాచూట్ లేదు. అతని విమానం అంటుకుంటే దూకడానికి దారి లేదు.

35 అనే అంకెను ఎలా అర్థం చేసుకోవాలి

ఫ్రెంచ్ పైలట్ల జాబితాలో మొదటి పేరు ఫోంక్, 75 విజయాలు. తర్వాత గినెమెర్ 53, నంజెసేర్ 43, మదోన్ 41, బ్వాయో 35. ఆరో స్థానంలో మిషెల్ క్వాఫార్, 34.

ఈ అంకెల వెనక ఉన్న నియమాలు తెలియకపోతే జాబితా తప్పుదోవ పట్టిస్తుంది. ఫ్రెంచ్ పద్ధతిలో కూల్చినట్టు పైలట్ చెబితే సరిపోదు, సాక్షులు కావాలి. శత్రు భూభాగంలో చాలా లోపల పడిన విమానం విషయంలో సాక్ష్యం దొరకడం కష్టం, అలాంటివి చాలావరకు లెక్కలోకి రాకుండా పోయాయి. బెలూన్ మంటలు మాత్రం కందకాల్లోని వేలమందికి కనిపిస్తాయి. కాబట్టి బెలూన్ విజయాలకు ధ్రువీకరణ సులువు, విజయం సాధించడం మాత్రం కష్టం. ఇద్దరు ముగ్గురు కలిసి కూలిస్తే ఆ విజయాన్ని పంచకుండా ఒక్కొక్కరి ఖాతాలో ఒక్కో పూర్తి విజయంగా రాసేవారు. బ్వాయో ఖాతాలో ఇలా ఇతరులతో కలిసి సాధించినవి చాలా ఉన్నాయి.

దీన్నిబట్టి అంకె బూటకమని అనుకోవడం పొరపాటు. బెలూన్ దాడి స్వభావమే ఉమ్మడి పని. ఒకరు దిగి కాల్చుతుంటే ఇంకొకరు పైన కాపలా ఉండాలి, మరొకరు నేల మీది తుపాకుల దృష్టి మళ్లించాలి. ఒంటరి వేటగాడిగా పేరు తెచ్చుకున్న ఫోంక్ లెక్కకూ, జట్టుతో కలిసి పనిచేసిన బ్వాయో లెక్కకూ అర్థం వేరు. ఇద్దరినీ ఒకే నిలువు వరసలో పెట్టిన పట్టిక ఆ తేడాను దాచేస్తుంది.

బెలూన్లకే పరిమితమైన పోలిక ఇంకా న్యాయంగా ఉంటుంది. బెల్జియం పైలట్ విల్లీ కోపెన్స్ 37 విజయాల్లో దాదాపు అన్నీ బెలూన్లే. ఫ్రాన్స్‌లో లియోన్ బూర్జాద్ 28 విజయాల్లో 27, క్వాఫార్ 34లో 24, బ్వాయో 35లో 21. బ్వాయో, క్వాఫార్ ఇద్దరూ యుద్ధం ముగియడానికి కొన్ని వారాల ముందే చనిపోయారు. కోపెన్స్ 1918 అక్టోబరులో తీవ్రంగా గాయపడి ఒక కాలు పోగొట్టుకున్నాడు.

1918 సెప్టెంబరు

సెప్టెంబరు 12న సెయింట్ మియెల్ దగ్గర అమెరికన్ సైన్యం తన మొదటి పెద్ద దాడి మొదలుపెట్టింది. మిత్రపక్షాలు దాదాపు 1,500 విమానాలను అక్కడికి చేర్చాయి. పదాతిదళం కదలాలంటే బెలూన్లు పోవాలి. ఆ వారంలో ఒకే రంగంలో ఇద్దరు బెలూన్ వేటగాళ్లు పనిచేశారు: ముప్ఫై ఏళ్ల బ్వాయో, 21 ఏళ్ల అమెరికన్ ఫ్రాంక్ ల్యూక్. ల్యూక్ సెప్టెంబరు 12 నుంచి 29 మధ్య 14 బెలూన్లతో కలిపి 18 విజయాలు సాధించి, చివరి రోజున చనిపోయాడు.

బ్వాయో సెప్టెంబరు 16న తన చివరి బెలూన్‌ను కూల్చి తిరిగి రాలేదు. నేల మీది కాల్పుల వల్లా, జర్మన్ విమానాల వల్లా అన్నదానిపై భిన్నాభిప్రాయాలున్నాయి. జర్మన్ పైలట్ గియోర్గ్ ఫాన్ హాంటెల్మాన్ ఖాతాలో ఆ విజయాన్ని రాస్తారు. ఇదే హాంటెల్మాన్ సెప్టెంబరు 12న అమెరికన్ పైలట్ డేవిడ్ పట్నమ్‌నూ, 18న ల్యూక్‌కు తోడుగా ఎగిరే జోసెఫ్ వేనర్‌నూ కూల్చినట్టు లెక్క. వారం రోజుల్లో ముగ్గురు పేరున్న పైలట్లు, అందులో ఇద్దరు బెలూన్ దాడులతో ముడిపడినవారు. బెలూన్ మంట దూరాన ఉన్న జర్మన్ విమానాలకు కూడా దారి చూపిస్తుంది. తక్కువ ఎత్తులో, వేగం కోల్పోయి, ఒకే దిక్కుగా ఇంటికి మళ్లే శత్రువు అక్కడ దొరుకుతాడని వారికి తెలుసు. బ్వాయో దేహం దొరకలేదు.

రగ్బీయే అతన్ని తయారుచేసిందా?

యుద్ధకాలపు క్రీడా పత్రికలకు ఈ ప్రశ్నే లేదు. వాటి దృష్టిలో ఆటగాడు సగం సైనికుడు. బ్వాయో వంటి వాడు దొరకడం వాటికి గొప్ప ఆధారమైంది. మూడు దశాబ్దాలుగా తాము చెబుతున్నది నిజమని అతని జీవితమే చాటిందని అవి రాశాయి.

పోల్చి చూస్తే ఆ వాదన బలహీనపడుతుంది. బెలూన్లలో బ్వాయోను మించిన బూర్జాద్ క్రైస్తవ మతప్రచారకుడు కావడానికి చదువుకుంటున్న విద్యార్థి. యుద్ధం తర్వాత పాపువాకు వెళ్లి మతసేవలో ఉండగానే 1924లో చనిపోయాడు. గినెమెర్ బక్కపలచగా, అనారోగ్యంగా ఉండటంతో సైన్యం మొదట్లో అతన్ని చేర్చుకోవడానికే ఒప్పుకోలేదు. దేహబలమే మంచి పైలట్‌ను తయారుచేస్తుందన్న మాట వీరి ముందు నిలవదు. పైగా తిరిగి రాని వందలాది క్రీడాకారులు మొదటి నెలల్లోనే, మొదటి విజయానికి ముందే పోయారు. వారిని వదిలేసి గెలిచినవారిని మాత్రమే ఎంచుకుని సూత్రం కడితే ఏ సూత్రమైనా నిజమనిపిస్తుంది.

రగ్బీ నుంచి అతనికి అందినవి ఇంకో రకమైనవి. క్లబ్బు పరిచయాలు అందాయి. జనానికి తెలిసిన పేరు అందింది. పెద్ద పేరున్న ఒక్కడి చుట్టూ కాకుండా తోటివారితో కలిసి పనిచేసే అలవాటు కూడా అందిందని, అతని ఉమ్మడి విజయాలను బట్టి సహేతుకంగానే అనుకోవచ్చు. ఈ మూడూ చిన్నవి కావు. ‘ధైర్యం’ అన్న ఒక్క మాట వీటన్నిటినీ కప్పేస్తోంది.

పేర్లు ఎవరికి మిగిలాయి

యుద్ధంలో ఇరవై మందికి పైగా ఫ్రెంచ్ రగ్బీ అంతర్జాతీయ ఆటగాళ్లు చనిపోయారు. స్కాట్లాండ్ కోల్పోయినవారు ఇంకా ఎక్కువ. 1906లో పారిస్‌కు న్యూజిలాండ్ జట్టును తీసుకొచ్చిన కెప్టెన్ డేవ్ గాలహర్ 1917 అక్టోబరులో బెల్జియంలో చనిపోయాడు. 1906 నాటి ఆ మొదటి మ్యాచ్‌లో ఫ్రాన్స్‌కు ఆడిన గాస్టోన్ లాన్ 1914 సెప్టెంబరులోనే పోయాడు.

వారి పేర్లను నిలిపింది ప్రభుత్వం కంటే ఎక్కువగా క్లబ్బులే. పెర్పిన్యాఁ స్టేడియానికి ఎమె జిరాల్ పేరుంది. యుద్ధానికి కొన్ని నెలల ముందు 1914 ఫైనల్లో టార్బ్ మీద 8–7తో జట్టును గెలిపించిన కిక్ కొట్టిన కుర్రవాడు అతడు. మరుసటి ఏడాది యుద్ధంలో చనిపోయాడు. టెన్నిస్ అభిమానులందరికీ తెలిసిన రోలాండ్ గారోస్ టెన్నిస్ ఆటగాడు కాదు, 1918 అక్టోబరులో చనిపోయిన పైలట్. పారిస్‌లో కొత్త టెన్నిస్ స్టేడియానికి ఆ పేరే పెట్టాలని పట్టుబట్టినవాడు స్టాడ్ ఫ్రాన్సే అధ్యక్షుడు ఎమిల్ లెస్యూర్. అతడు గారోస్ స్నేహితుడు, ఫ్రాన్స్‌కు రగ్బీ ఆడినవాడు.

అయినా జ్ఞాపకం అందరికీ సమానంగా దక్కలేదు. పైలట్ల విజయాలను సైన్యం లెక్కించింది, ప్రకటనల్లో పేర్లు వేసింది, పత్రికలు ఫొటోలు అచ్చువేశాయి. కందకాల్లోని సైనికుడికి అలాంటి అంకె ఏదీ లేదు. బ్వాయో పేరు రెండు జాబితాల్లో ఉండటానికి అతని ప్రతిభతో పాటు ఈ లెక్కింపు కూడా కారణం. టూలూజ్‌కు చెందిన అల్ఫ్రెడ్ మేసోనియే కథ దీనికి మరో కొస. 1912లో తన క్లబ్బుకు మొదటి జాతీయ టైటిల్ గెలిచిన జట్టు సభ్యుడు, ఫ్రాన్స్ తరఫున ఆడినవాడు. పదాతిదళ సైనికుడిగా 1914 సెప్టెంబరు 6న మార్న్ యుద్ధంలో చనిపోయాడు. యుద్ధంలో పోయిన ఫ్రెంచ్ రగ్బీ అంతర్జాతీయ ఆటగాళ్లలో అతడే మొదటివాడు. అప్పటికి యుద్ధం మొదలై అయిదు వారాలు కూడా కాలేదు. అతని జ్ఞాపకంగానూ, చనిపోయిన ఇతర క్రీడాకారుల జ్ఞాపకంగానూ టూలూజ్ వారు 1925లో స్మారకం కట్టి, శిల్పి ఆంటోయిన్ బూర్దెల్ చెక్కిన విలుకాడు హెరాక్లిస్ విగ్రహాన్ని అక్కడ నిలబెట్టారు.